పొయ్యి వెలిగించని పొద్దుటి తిండి

బెజవాడ,
మే నెల

తమ్ముడూ,

రోహిణి కార్తె ఇంకా రానేలేదు, ఇక్కడ రోళ్ళు అప్పుడే పగిలేట్టున్నాయి. హైదరాబాదులోనూ అంతేనని, పై అంతస్తు గదిలో పొయ్యి దగ్గర నిలబడలేక పొద్దుట టిఫినే మానేశానని అమ్మతో అన్నావట. పదకొండింటికి ఆఫీసు కింద సమోసాలు తింటున్నావని ఆమెకు చెప్పలేదులే, నేనే ఊహించాను. పొయ్యి వెలిగించకుండా కడుపు నింపే దారి ఒకటుంది, రాత్రి నానబెట్టి పొద్దున తినే ఓట్స్. ఫోన్లో చెబితే ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తావని రాస్తున్నాను.

ముందు కొట్టు సంగతి. రకరకాల ఓట్స్ డబ్బాలు పెడతారు. మసాలా ఓట్స్ వైపు చూడకు, అది ఉప్పగా ఉండే ఉప్మా సరుకు. ఇన్‌స్టంట్ అన్నది రాత్రంతా నానితే జావైపోతుంది. స్టీల్‌కట్ అన్నవి గింజని ముక్కలు చేసినవి, నానినా పంటికింద గట్టిగానే తగులుతాయి. నీకు కావలసింది రోల్డ్ ఓట్స్. గింజకు మిల్లులోనే ఆవిరి పట్టి, రోలర్ల మధ్య నొక్కి పలచని రేకులు చేస్తారు. ఆ ఆవిరికే కొంత ఉడుకుతాయి కాబట్టి మళ్ళీ వండకపోయినా నానబెడితే చాలు. పళ్ళ రుచి కలిపిన తియ్యటి ప్యాకెట్లు మాత్రం కొనకు. వేసవిలో ఈ దేశంలో పళ్ళకు కరువా?

కొలత చెప్తా. ఒక మనిషికి 40 గ్రాముల ఓట్స్, అంటే కొలత కప్పులో సగం. అదే సగం కప్పు పాలు, రెండు పెద్ద చెంచాల పెరుగు, చిటికెడు ఉప్పు. ఉప్పు ఎందుకనకు, అది లేకపోతే ఎంత తీపి వేసినా చప్పగానే ఉంటుంది. ఖాళీ హార్లిక్స్ సీసా కడిగి ఆరబెట్టి అందులో కలిపి, మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టు. ఆరేడు గంటలు చాలు. ఒక్క జాగ్రత్త: పాలు కాచినవైతే పూర్తిగా చల్లారాకే కలుపు. గోరువెచ్చటి పాలలో పెరుగు వేశావంటే ఓట్స్ నానబెట్టినట్టు కాదు, తోడు పెట్టినట్టు.

అమ్మమ్మ సద్దన్నం కుండ రాత్రంతా బయటే ఉండేది కదా, దీనికి ఫ్రిజ్ ఎందుకని అడుగుతావు, నాకు తెలుసు. అది పులియాలనే పెట్టింది. ఇది పులియకూడదు. పైగా ఇందులో పాలున్నాయి. 32 డిగ్రీలు దాటిన వేడిలో పాలు కలిసిన తిండి గంటకు మించి బయట ఉంచకూడదు. మన ఊళ్ళలో ఈ నెలలో రాత్రి కూడా గదుల్లో వేడి తొందరగా దిగదు. ఫ్రిజ్ లోపల 4 డిగ్రీలకు మించకుండా చూసుకో. రాత్రి కరెంటు పోతే తలుపు తియ్యకు, మూసి ఉంచితే నాలుగు గంటలదాకా చల్లదనం నిలుస్తుంది. అంతకు మించి పోయిందా, పొద్దున మొహమాటపడకుండా పారెయ్.

ఇక పళ్ళు. అసలు రుచంతా ఇక్కడే ఉంది. ఈ వంటకం ఈమధ్య పుట్టిన ఫ్యాషన్ అనుకుంటున్నావేమో. జ్యూరిక్‌లో మాక్సిమిలియన్ బిర్షర్-బెన్నర్ అనే డాక్టరు 1900 ప్రాంతంలోనే తన రోగులకు ఇలాంటిది పెట్టేవాడు. ఆయన గిన్నెలో రాత్రి నీళ్ళలో నానిన ఓట్స్ ఒక్క చెంచాడే. మిగతాదంతా తొక్కతో సహా తురిమిన ఆపిల్, దానిమీద నిమ్మరసం, చిక్కటి డబ్బా పాలు, కాసిని బాదం పలుకులో అలాంటివో. ఆయనకది పళ్ళ వంటకం, ఓట్స్ తోడు మాత్రమే. ఇప్పుడు అందరూ ఓట్స్ గుట్టపోసి పైన నాలుగు ముక్కలు అలంకారానికి పెడుతున్నారు. వేసవికి ఆయన పద్ధతే సరైంది. సగానికి సగం పండు ఉండాల్సిందే.

మామిడిలో రెండు దారులున్నాయి. నూజివీడు రసాలు దొరికితే పిండి, పీచు తీసేసి, ఆ రసాన్ని రాత్రే ఓట్స్‌లో కలిపెయ్. పాలు ఆ మేరకు తగ్గించు. పొద్దుటికి రసమంతా రేకుల్లోకి ఎక్కి ఉంటుంది, పంచదార అవసరమే రాదు. బంగినపల్లి అయితే రాత్రి ముట్టుకోకు. పొద్దున కోసి ముక్కలు పైన వెయ్యి. ఏ మామిడైనా కోసేముందు సొన పోయేలా కాసేపు నీళ్ళలో వేసి ఉంచు. అరటిపండు కూడా పొద్దునే, ముందే కోస్తే నల్లబడుతుంది. సపోటా మెత్తగా మెదిపి రాత్రే కలపొచ్చు. పుచ్చకాయ నీళ్ళూరి అంతా పలచన చేస్తుంది, దాన్ని పక్కన విడిగా తిను. అనాస, బొప్పాయి పాలలో రాత్రంతా ఉంటే చేదెక్కుతాయి, వాటిలోని ఎంజైములు పాలలోని ప్రొటీన్ని విరిచేస్తాయి. తినే నిమిషంలో వేసుకుంటే ఏం కాదు. అన్నిటికంటే నాకు ఇష్టమైనవి తాటిముంజలు. లేతవి తెచ్చి, పొర ఒలిచి, ముక్కలు చేసి వేసి చూడు. చల్లటి ఓట్స్‌లో ఒక్కో ముక్క నోట్లో పగులుతుంటే పాయసం గుర్తురాదు.

సబ్జా గింజలు వేద్దామనుకుంటే వేరే గ్లాసులో నీళ్ళలో నానబెట్టి పొద్దున కలుపు. పొడిగా వేస్తే ఓట్స్‌కున్న తడంతా అవే తాగేస్తాయి.

మనింట్లోకి ఓట్స్ వచ్చింది నాన్న కొలెస్టరాల్ పుణ్యమా అని. ఇందులో బీటా గ్లూకాన్ అనే జిగురు పీచు ఉంటుంది. నానినప్పుడు చిక్కబరిచేది అదే, తొందరగా ఆకలి వేయనివ్వనిదీ అదే. రోజుకు 3 గ్రాములు తింటే గుండెకు మేలు జరగవచ్చని ఓట్స్ డబ్బాల మీద వేసుకోవడానికి 1997లో అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఒప్పుకుంది. నీ సీసాలో వచ్చేది దానిలో సగం. కాబట్టి ఇది తిన్నానని సాయంత్రం మిర్చిబజ్జీలకు లైసెన్సు ఇచ్చుకోకు. కొత్తలో పీచు ఒకేసారి ఎక్కువైతే కడుపు ఉబ్బరిస్తుంది. మొదటి వారం సగం కొలతతో మొదలుపెట్టి నీళ్ళు బాగా తాగు.

ఓట్స్ అయిపోయాయని ఎండలో కొట్టుకు పరిగెత్తకు. అటుకులు తడిపి పెరుగు, పండు కలిపితే పది నిమిషాల్లో అయిపోతుంది. పీచు తక్కువే గానీ ఒక పూటకి పరవాలేదు. పండు వేయకుండా నానబెట్టిన సీసాలు రెండు రోజులదాకా ఉంటాయి గనక ఒకేసారి రెండు కలిపి పెట్టుకో.

మన ఊరి మనిషి వచ్చేవారం అటు వస్తున్నాడు, రసాలు ఒక బుట్ట పంపిస్తాను. ఫ్రిజ్‌లో చోటు లేదని మాత్రం చెప్పకు. ఆ కూల్‌డ్రింకు సీసాలు తీసి బయట పారెయ్, చోటు అదే వస్తుంది.

ఇట్లు,
మీ అక్క