నాలుక కింద నీటి బుడగ: పిల్లల్లో రాన్యులా

పిల్లవాడు నాలుక పైకెత్తితే కింద ఒక పక్కన నీలి ఛాయతో నీటి బుడగ కనిపిస్తుంది. కేన్సరేమోనని హడలిపోయే తల్లిదండ్రులు కొందరు, నొప్పి లేదు కదా అని ఊరుకునేవారు మరికొందరు. సాధారణంగా అది రాన్యులా అనే లాలాజలపు తిత్తి. లాటిన్‌లో ఈ మాటకు చిన్న కప్ప అని అర్థం. కప్ప పొట్టలా నున్నగా ఉబ్బి ఉంటుంది కనుక ఆ పేరు. ఇది కేన్సర్ కాదు, అంటువ్యాధి కాదు. అయినా డాక్టరు చూసి నిర్ధారించాలి.

ఎందుకు వస్తుంది?

నాలుక కింద రెండు వైపులా లాలాజల గ్రంథులు ఉన్నాయి. దెబ్బ తగిలినా, నాళం మూసుకుపోయినా ఆ లాలాజలం నోటిలోకి రాక లోపలే ఊరి నిలిచిపోతుంది. బుడగ పెద్దదైతే మింగడానికీ, మాట్లాడడానికీ అడ్డమవుతుంది. కొందరిలో అది దవడ కింద, మెడలోకి దిగి వాపుగా కనిపిస్తుంది.

చికిత్స ఏమిటి?

చిన్నదై, ఇబ్బంది లేకుంటే డాక్టర్లు కొన్ని నెలలు గమనిస్తారు. పిల్లల్లో కొన్ని వాటంతటవే తగ్గిపోతాయి. తగ్గకపోతే ఆపరేషన్ అవసరం. సూదితో నీరు తీస్తే అప్పటికి తగ్గి మళ్లీ నిండుతుంది. పైపొర కోసి అంచులు కుట్టి తెరిచి ఉంచడం చిన్న ఆపరేషనే, కానీ తిరిగి వచ్చే అవకాశం ఎక్కువ. లాలాజలం కారుతున్న గ్రంథినే తీసేస్తే తిరిగి రావడం అరుదు. మిగతా గ్రంథులు ఉంటాయి కనుక నోరు ఎండిపోదు. అయితే పక్కనే నాలుకకు స్పర్శనిచ్చే నరం ఉంటుంది. అందుకే అనుభవమున్న సర్జన్ చేతనే చేయించాలి.

దాతలు గమనించవలసింది

ఇలాంటి బిడ్డకు సాయం కోరి ఎవరైనా వస్తే రెండు ప్రశ్నలు అడగండి: ఇది మొదటిసారా, తిరిగి వచ్చిందా? గ్రంథిని తీయాలా వద్దా అన్నది సర్జన్‌తో మాట్లాడారా? తక్కువ ఖర్చని మూడుసార్లు నీరు తీయించడం కంటే, ఒక్కసారి సరైన చికిత్స చేయించడం బిడ్డకూ మేలు, మీ సొమ్ముకూ సార్థకం.

ఇంట్లో సూదితో పొడవడం, పసరు రాయడం వద్దని చెప్పండి. జ్వరం, నొప్పి, చొంగ కారడం, ఊపిరి ఆడకపోవడం ఉంటే ఆ క్షణమే ఆసుపత్రికి పంపండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు బడులకూ, అంగన్‌వాడీలకూ వస్తాయి. ఆ రోజు బిడ్డను బడి మాన్పించకుండా నోరు చూపించమని తల్లికి చెప్పడం కూడా సాయమే.