పోటీ పరీక్షల ప్రత్యేకం: ఒంగోలు గిత్త, బండ నుంచి బ్రెజిల్ దాకా

పత్తికొండ, ఆదోని, ఎమ్మిగనూరు పక్క జాతరల్లో బండలాగుడు చూస్తూ పెరిగిన అభ్యర్థులకు ఈ పాఠం సగం వచ్చినట్టే. బరిలోకి దించే ముందు గిత్త కింది పెదవి విప్పి పళ్లు చూస్తారు. పశువుకు పై దవడలో ముందు పళ్లుండవు. కింద పాలపళ్లు రాలి, జతలు జతలుగా గట్టిపళ్లు వస్తాయి. అదే వయసు లెక్క. అందుకే పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అని విభాగాలు. ఇచ్చిన గడువులో బండను ఎక్కువ దూరం లాగిన జతదే గెలుపు. మెడమీద కాడి బిగుసుకుని, గిట్టలు మట్టిలో దిగబడే ఆ క్షణం చూసి తీరాలి.

ఒంగోలు జాతి పుట్టిల్లు ప్రకాశం, నెల్లూరు, గుంటూరు ప్రాంతం. గుంటూరు దగ్గర లాం ఫారంలో దీనిపై పరిశోధన జరుగుతోంది. 2002 హైదరాబాద్ జాతీయ క్రీడల చిహ్నం ‘వీర’ ఒంగోలు గిత్తే.

ఎడ్ల పందేలు, జల్లికట్టులను సుప్రీంకోర్టు 2014 మే 7న నిషేధించింది. ఆ తర్వాత వీటికి అనుమతిస్తూ తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర తెచ్చిన చట్ట సవరణలను 2023 మే 18న రాజ్యాంగ ధర్మాసనం సమర్థించింది. ఈ రెండు తేదీలు కలగాపులగం చేసుకోవద్దు.

బ్రెజిల్‌లో ఒంగోలు జాతి పేరు ‘నెలోర్’, మన నెల్లూరు పేరే. అక్కడి ‘వియాటినా-19’ ఆవులో మూడో వంతు వాటా 2023 వేలంలో సుమారు 70 లక్షల రియాల్‌లు పలికింది. ఆ లెక్కన ఆవు మొత్తం విలువ 2.1 కోట్ల రియాల్‌లు. వేలంలో అత్యంత ఖరీదైన ఆవుగా అప్పట్లో గిన్నిస్ రికార్డు దానిదే.