సభకు తగిన మందిరం

మానవుడు సంఘజీవి. ఒకరి ఆలోచనను పదిమందీ పంచుకోవడానికి ఏర్పడినదే సభ. వక్త పలుకు శ్రోత చెవిని చేరనప్పుడు, చూపదలచిన చిత్రం ప్రేక్షకుని కంటికి ఆననప్పుడు ఎంత వైభవంగా జరిపిన సభ అయినా నిష్ఫలమే. అందువల్ల సభా నిర్వహణలో మందిరం ఎంపికకు ప్రథమ స్థానం ఉంది.

కట్టడం ధ్వనిని ఎంతగా ప్రభావితం చేస్తుందో గోల్కొండ కోట తెలియజేస్తుంది. ప్రవేశద్వారం వద్ద గుమ్మటం కింద చప్పట్లు చరిస్తే ఆ చప్పుడు కొండపైనున్న బాలాహిస్సారు వరకు వినిపిస్తుంది. ధ్వనిని పరావర్తనం చేసే గుణం కోటకు మేలు చేసింది. అదే గుణం మితిమీరితే ఉపన్యాస మందిరానికి దోషమవుతుంది. నున్నని గోడలు, రాతి నేల, ఎత్తైన కప్పు గల గదిలో ఒక మాట అణగకముందే మరొక మాట దానిపై వచ్చి పడుతుంది. ఇలా ధ్వని నిలిచి ఉండడాన్ని ప్రతినాదం అంటారు.

1895లో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఇటువంటి సమస్యే ఎదురైంది. ఫాగ్ కళాప్రదర్శనశాలలోని కొత్త ఉపన్యాస మందిరంలో మాటలు స్పష్టంగా వినిపించేవి కావు. దానిని సరిదిద్దే బాధ్యతను భౌతికశాస్త్ర ఆచార్యుడు వాలెస్ సాబిన్‌కు అప్పగించారు. ఖాళీ మందిరంలో ధ్వని సుమారు ఐదున్నర సెకన్లు నిలిచేది. ఆయన రాత్రివేళల్లో సమీప నాటకశాల నుండి మెత్తలు తెప్పించి, వాటిని పరుస్తూ ధ్వని అణగే కాలాన్ని కొలిచాడు. మందిరం ఘనపరిమాణం పెరిగేకొద్దీ ప్రతినాద కాలం పెరుగుతుందని, ధ్వనిని పీల్చుకొనే వస్తువులు పెరిగేకొద్దీ అది తగ్గుతుందని నిరూపించాడు. 1900లో ప్రారంభమైన బోస్టన్ సింఫనీ హాలు ఆయన సూత్రాల ఆధారంగా రూపుదిద్దుకొన్నదే.

ధ్వని సరిగా లేకపోతే లౌడ్‌స్పీకర్ స్థాయి పెంచవచ్చునని నిర్వాహకులు భావిస్తారు. కాని మాటతోపాటు ప్రతినాదమూ పెరుగుతుంది; అస్పష్టత తొలగదు. దళసరి తెరలు, తివాచీలు, మెత్తని ఆసనాలు గల గది ఇంతకంటె మేలు. శ్రోతల శరీరాలు సైతం ధ్వనిని పీల్చుకొంటాయి. కనుక ఖాళీగా ఉన్నప్పుడు కొంత మారుమోగే గది నిండిన తరువాత మెరుగుపడుతుంది.

దృశ్య సౌకర్యానికి కప్పు ఎత్తు ప్రధానం. ముందువారి తలలు అడ్డురాకుండా తెర అడుగుభాగం నేలకు నాలుగడుగుల ఎత్తున ఉండాలి. చివరి వరుస తెర ఎత్తుకు ఆరు రెట్లకు మించిన దూరంలో ఉండరాదన్నది వాడుకలో ఉన్న ఒక లెక్క. ఆ ప్రకారం ఆరడుగుల ఎత్తు తెరకు కప్పు పదడుగులకు పైగా ఉండాలి. చివరి ఆసనం 36 అడుగుల లోపు ఉండాలి. నడుమ స్తంభాలు గాని, వేలాడే దీపాలు గాని చూపుకు అడ్డురాకూడదు. పగటిపూట చిత్రప్రదర్శన ఉంటే కిటికీలకు వెలుతురు చొరని తెరలు అవసరం.

మందిరాన్ని నిశ్చయించే ముందు, సభ జరిగే వేళకే వెళ్లి పరీక్షించడం ఉత్తమం. పంకాలు తిరుగుతుండగా ఒకరు వేదికపై నుండి ఒక పుట చదవాలి. మరొకరు చివరి వరుసలో కూర్చుని వినాలి. తెరపై చిన్న అక్షరాలను అక్కడినుండే చదివి చూడాలి. విద్యుత్తు పోయినప్పుడు జనరేటరు ఏయే పరికరాలకు ఆధారమిస్తుందో తెలుసుకోవాలి.

సభకు వచ్చిన వృద్ధుడు, ఆలస్యంగా చేరిన విద్యార్థి, బిడ్డను ఎత్తుకొన్న తల్లి తరచుగా వెనుక వరుసలోనే కూర్చుంటారు. వారు కూడా తమ కాలాన్ని వెచ్చించి వచ్చినవారే. వేదిక అలంకరణను బట్టి గాక, ఆ చివరి ఆసనంలో కూర్చున్నవారి చెవిని, కంటిని బట్టి మందిరాన్ని ఎంచుకోవడమే నిర్వాహకుల వివేకం.