కట్టకమునుపే నడచి చూచుట

ఆళ్లగడ్డ శిల్పులు ఉలి పట్టుటకు ముందు రాతిపై గీత గీయుదురు. గీత తప్పినచో తుడిచివేయవచ్చును. చెక్కిన రాయి మరల అతుకదు. భవనమునకును ఇదియే న్యాయము. అయితే కాగితముమీది పటము నేర్చినవారికే తెలియును గాని, ఆ గదిలో కూర్చుండబోవు బాలునకు తెలియదు. కావున, కట్టబోవు భవనములో నడచుచున్నట్లు చూపు చిత్రమును కంప్యూటరుపై చేయు విధము నిచట వివరించెదము.

ఇందులకు మేము స్కెచప్ అను సాధనమును వాడితిమి. ఇది 2000వ సంవత్సరమున వెలువడి, 2006లో గూగుల్ సంస్థకును, 2012లో ట్రింబుల్ సంస్థకును చేరినది. నంద్యాలలో మా విద్యార్థులు టేపు పట్టి పాత తరగతిగదిని కొలిచి, దానికి చేర్పదలచిన క్రొత్త గదిని, వసారాను నిజమైన కొలతలతో కంప్యూటరుపై నిలిపిరి.

పిమ్మట కెమేరాను నిలుపవలెను. అది నిలుచు చోటును, చూచు దిక్కును జ్ఞాపకముంచుకొను దానిని సీను అందురు. సాధనము ఒక సీనునుండి మఱియొక సీనునకు కెమేరాను తిన్నగా జరుపును. నడుమ గోడయున్నను ఆగక, దానిలోనుండియే దూరిపోవును. కావున ప్రతి ద్వారమునందును, ప్రతి మలుపునందును ఒక్కొక్క సీను నుంచవలెను.

ఇక వేగము. మనుష్యుడు సెకనుకు సుమారు 1.2 మీటర్లు నడచును. సీనుల నడుమ కాలము 3 సెకనులని నిర్ణయించినచో, సీనులు 3.6 మీటర్ల యెడముగా నుండవలెను. యెడము సమముగా లేనిచో నడక యొకచోట పరుగును, వేఱొకచోట ప్రాకుటయు నగును. సీనువద్ద ఆగు కాలమును సున్న చేయవలెను.

చిత్రమును వెలికి తీయుటకు ఫైలు పట్టీలో ఎక్స్‌పోర్టును, అందు యానిమేషనును ఎన్నుకొని, ఎంపీ4 రూపమును, సెకనుకు 24 ఫ్రేములను నిర్ణయింపవలెను. ఒక నిమిషమునకు 24 × 60 = 1440 బొమ్మలు కావలెను. ఒక్కొక్కదానికి 2 సెకనులు పట్టినచో మొత్తము 48 నిమిషములగును. కావున ముందు చిన్న కొలతలో తీసి, తప్పులు దిద్ది, పిదప 1920 × 1080 కొలతలో తీయుట మేలు.

మా మొదటి చిత్రములో కెమేరా ఆకాశమున తిరిగెను. చూచినవారెల్లరు మెచ్చుకొనిరి. ఆళ్లగడ్డలో రాతిపని చేయు ఒక విద్యార్థి తాతగారు మాత్రము, "అయ్యవారూ, ఈ బడి పక్షులకా, పిల్లలకా?" అని యడిగిరి. మేము సిగ్గుపడితిమి. మా బడికి చక్రముల కుర్చీలో వచ్చు బాలుడొకడు కలడు. కెమేరాను అతని కన్నుల యెత్తునకు, అనగా 1.1 మీటరుకు దింపి మరల నడిపితిమి. గుమ్మమువద్ద 15 సెంటీమీటర్ల మెట్టు ఎదురుగా నిలిచెను. ఒకటికి పండ్రెండు పాళ్లు వాలు గట్టినచో 1.8 మీటర్ల పొడవు కావలెను. వసారాలో అంత చోటు లేదు. స్తంభము నొకదానిని జరిపితిమి. కంప్యూటరుపై అది కొన్ని నిమిషముల పని. కట్టిన పిమ్మట అయినచో పగులగొట్టవలసి వచ్చెడిది.

విద్యార్థులారా, ఒక్క మాట మఱవకుడు. కెమేరాకు కాళ్లు లేవు. మెట్టు దానికి అడ్డు కాదు. అది ఎక్కినదని మనమును ఎక్కగలమని తలపరాదు. మీరు చేయు చిత్రములో ఎవరి కన్నులతో చూచుచున్నారో, ఆ నడక ఎవరికి కష్టమగునో ముందుగా విచారింపుడు. ఇతరుల మెప్పుకొఱకు గాక, మన తప్పు తెలిసికొనుటకొఱకు చేసిన చిత్రమే భవనమునకు మేలు చేయును.