ఆటస్థలంలో న్యాయం: మన బడి, సర్కారు బడి



మధిర ప్రాంతంలో పాఠశాలల ఆటల పోటీలు జరిగే రోజున మైదానం గట్టున కాసేపు నిలబడి చూడండి. ఒకవైపు మన మిషను బడి పిల్లలు. అందరికీ ఒకే రంగు బనియన్లు, కాళ్లకు బూట్లు, వెంట వ్యాయామ ఉపాధ్యాయుడు. రెండోవైపు పల్లె నుండి ఆటోలో వచ్చిన సర్కారు బడి పిల్లలు. కొందరికి కాళ్లకు చెప్పులు కూడా ఉండవు. లెక్కల మాస్టారే ఆ పూటకు డ్రిల్లు మాస్టారు. ఈల మోగుతుంది. కాసేపటికి ఆట ముగుస్తుంది. షీల్డు మనకు వస్తుంది. మనం చప్పట్లు కొడతాం.

ఓడిన జట్టును మరొక్కసారి చూడండి. ఆదివారం మనతోపాటు దివ్యపూజలో మోకరించే పిల్లలు వాళ్లలో లేరా? మిరప తోటల్లో, పత్తి చేలల్లో కూలి చేసుకొని బ్రతికే కుటుంబాలు మన విచారణల్లో ఉన్నాయి. ఫీజు కట్టలేక పిల్లలను సర్కారు బడికి పంపేవారున్నారు. ఒకే ఇంట్లో అన్న జిల్లా పరిషత్ హైస్కూలులో, తమ్ముడు మిషను బడిలో చదువుతుంటే, ఆ తల్లి ఎవరి కోసం చప్పట్లు కొట్టాలి? ఈ వారం మనం ఆలోచించవలసిన ప్రశ్న ఇది: ఈ పోటీ న్యాయమైనదేనా?

నియమం ఏమిటి?

మన దేశంలో బడి పిల్లల ఆటలను నడిపే స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ 1954లో ఏర్పడింది. దాని పోటీలు 14, 17, 19 ఏళ్లలోపు అని వయసును బట్టి జరుగుతాయి. సర్కారు బడా, ప్రైవేటు బడా, మిషను బడా అన్న విభజన లేదు. ఇంకో సంగతి గమనించండి. కింది స్థాయిలో బడికి బడికి పోటీ. రాష్ట్ర స్థాయికి వెళ్లేటప్పుడు మాత్రం అన్ని బడుల నుండి ఏరిన పిల్లలు జిల్లా జట్టుగా ఒకే బనియను వేసుకుంటారు. ఇక్కడ ఓడించినవాడూ ఓడినవాడూ అక్కడ పక్కపక్కన నిలబడి ఆడతారు.

తేడా ఎక్కడ వస్తుంది?

మొదటిది వసతి. 2009లో వచ్చిన విద్యాహక్కు చట్టం ప్రతి బడికి ఆటస్థలం, ఆట వస్తువులు ఉండాలంటుంది. ఆరు నుండి ఎనిమిది తరగతుల్లో వందమందికి పైగా పిల్లలుంటే వ్యాయామ విద్యకు కనీసం పార్ట్‌టైమ్ బోధకుడు ఉండాలంటుంది. మరి వందకు లోపు పిల్లలున్న పల్లె బడి సంగతి? ఆ పిల్లవాడు ఓడేది మన పిల్లవాడి చేతిలో కాదు, గురువు లేకపోవడం చేతిలో.

రెండవది ఏరుకోవడం. పల్లె బడి వచ్చిన పిల్లలందరినీ చేర్చుకోవాలి. ప్రైవేటు బడి ఎంచుకోగలదు. బాగా ఆడే కుర్రవాడు కనబడితే ఫీజు తగ్గించి, పోటీల ముందు రిజిస్టరులో పేరు ఎక్కించుకోగలదు. పేద పిల్లవాడికి ఫీజు తగ్గించడం తప్పా? కానే కాదు. అయితే ఒక పరీక్ష ఉంది. ఆ పిల్లవాడి కాలు విరిగి ఇక ఆడలేకపోతే, పదో తరగతి వరకు అతణ్ణి అదే ఫీజుకు చదివిస్తామా? చదివిస్తే అది దయ. పంపివేస్తే అది కొనుగోలు.

మూడవది వయసు. పదహారేళ్లవాణ్ణి పద్నాలుగేళ్లలోపు పోటీలో దింపడం ఏ బడి చేసినా మోసమే. దొంగ త్రాసు దేవునికి అసహ్యమని సామెతల గ్రంథం (11:1) బోధిస్తుంది. తప్పుడు పుట్టిన తేదీ కూడా దొంగ త్రాసే.

ఇతర దేశాలలో

ఈ తగాదా మనకు కొత్త గావచ్చు గాని అమెరికాలో పాతదే. అక్కడి ప్రైవేటు ఉన్నత పాఠశాలల్లో కథోలిక బడులు చాలా ఉన్నాయి. సర్కారు బడి సాధారణంగా తన ప్రాంతపు పిల్లలనే చేర్చుకోవాలి, ప్రైవేటు బడి ఎక్కడివారినైనా చేర్చుకోవచ్చు, ఇది సమానమా అని తల్లిదండ్రులు అడిగారు. అలబామా రాష్ట్రంలో 1999లో ఒక లెక్క పెట్టారు. ప్రైవేటు బడి పిల్లల సంఖ్యను 1.35తో హెచ్చవేసి, ఆ లెక్కన ఇంకా పెద్ద బడుల తరగతిలో ఆడించారు. ఇల్లినాయ్ రాష్ట్రంలో 2005లో ఆ హెచ్చవేత 1.65. అంటే 500 మంది ఉన్న బడిని 825 మంది ఉన్న బడిగా లెక్కకట్టారన్నమాట. కొన్ని రాష్ట్రాల్లో రెండింటికీ వేర్వేరు పోటీలు పెట్టారు.

మనకూ అదే మందా? తొందరపడవద్దు. మన దగ్గర సర్కారు బడులన్నీ ఒకటి కావు. హాకీంపేటలోని క్రీడా పాఠశాల 1993 నుండి పిల్లలను ఏరి శిక్షణ ఇస్తోంది. గురుకులాల్లో వసతి, భోజనం, శిక్షకులు ఉన్నారు. 2014 మే 25న మలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ ఎవరెస్టు ఎక్కారు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థులే. పూర్ణకు అప్పటికి పదమూడేళ్లు. ఆనంద్ అప్పటి మన ఖమ్మం జిల్లా బిడ్డ. గురుకులంలో చదివిన అగసర నందిని 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో హెప్టాథ్లాన్ కాంస్యం గెలిచింది. మరోవైపు మన మిషను హాస్టళ్లలో భద్రాచలం అడవి పల్లెల నుండి వచ్చిన పేద పిల్లలూ ఉంటారు. కనుక బోర్డు మీద పేరును బట్టి ఎవరు బలవంతుడో, ఎవరు బలహీనుడో తేల్చలేం. శిక్షణ దొరికిన బిడ్డ గెలుస్తాడు, దొరకని బిడ్డ ఓడతాడు. అసలు తేడా అదే.

మన బాధ్యత

రాజ్యాంగం 30వ అధికరణం అల్పసంఖ్యాకులకు తమ విద్యాసంస్థలు స్థాపించి నడుపుకొనే హక్కు ఇచ్చింది. హక్కు ఇచ్చింది షీల్డులు పోగుచేసుకోవడానికి కాదు. రెండవ వాటికన్ మహాసభ 1965లో క్రైస్తవ విద్యపై చేసిన ప్రకటనలో కథోలిక బడులు పేదల అవసరాలను ప్రత్యేకంగా పట్టించుకోవాలని కోరింది. పునీత పౌలుగారు కూడా ఆటలను ఎరిగినవారే. నియమం ప్రకారం పోటీపడనివానికి కిరీటం లేదని తిమోతికి బోధించారు (2 తిమోతి 2:5).

అలాగని మన పిల్లలు కావాలని ఓడిపోనక్కరలేదు. అది ఎదుటి పిల్లలకు అవమానం. "ఆడలేక మద్దెల ఓడు" అన్నట్టు ఓడిన ప్రతిసారీ ఎదుటి బడిని నిందించడమూ సరికాదు. మనం చేయగలిగినవి ఇవి:

1. సాయంత్రం మిషను బడి ఆటస్థలం గేటు సర్కారు బడి పిల్లలకూ తెరవండి.
2. మన వ్యాయామ ఉపాధ్యాయుడు వారానికొక పూట పక్క ఊరి బడిలో ఆట నేర్పేలా ఇద్దరు ప్రధానోపాధ్యాయులు మాట్లాడుకోవాలి.
3. పోటీల కోసం సంవత్సరం మధ్యలో పక్క బడి ఆటగాళ్లను లాక్కోవద్దు.
4. వయసు పత్రంలో అబద్ధం వ్రాయించవద్దు, ఎవరైనా వ్రాయమంటే ఒప్పుకోవద్దు.
5. పల్లె బడికి వ్యాయామ ఉపాధ్యాయుణ్ణి ఇవ్వమని గ్రామస్థులు పెట్టే అర్జీ మీద మనమూ సంతకం చేద్దాం.

ఇవి చేస్తే మన బడి ఒక షీల్డు పోగొట్టుకోవచ్చు. కాని జిల్లా జట్టులోకి మన విచారణ బిడ్డలు ఇద్దరు వెళ్తారు, అన్నా తమ్ముడూ. అప్పుడు ఆ తల్లి ఇద్దరి కోసమూ చప్పట్లు కొడుతుంది.

కుటుంబంలో, సమూహ ప్రార్థనలో చర్చించండి

1. మన విచారణలో ఎంతమంది పిల్లలు సర్కారు బడిలో చదువుతున్నారు? వాళ్లకు ఆట నేర్పేవారున్నారా?
2. మన బిడ్డ గెలిచి వచ్చినప్పుడు ఓడినవారిని గూర్చి ఇంట్లో ఏం మాట్లాడుతున్నాం?
3. పై అయిదింటిలో ఈ ఏడు మన విచారణ ఏది మొదలుపెట్టగలదు?