పండ్రెండు పాటల సంపుటము

బ్లూసు అను సంగీతము పేరు వినినవారు మన విద్యార్థులలో కొలదిమంది. ఆ సంగీతమునుండి పుట్టిన పాశ్చాత్య గీతములను ఏదో యొక రూపమున విననివారు మాత్రము అరుదు. ఈ వ్యాసమున మేము ఆ సంగీతముయొక్క చరిత్రమంతయు చెప్పబూనలేదు. 1958వ సంవత్సరమున అమెరికా దేశమందలి చికాగో నగరమున వెలువడిన యొక గ్రామఫోను రికార్డును గుఱించి మాత్రమే ముచ్చటించెదము. ఆ రికార్డునందు క్రొత్తపాట యొక్కటియు లేదు. అందలి పండ్రెండు పాటలును అంతకుముందు పదియేండ్లలో విడివిడిగా వెలువడి అమ్ముడుపోయినవే. పాతవానిని ఒకచోట గ్రుచ్చినంతమాత్రమున ఏమి యొదవెనని మీరడుగవచ్చును. మేమును మొదట నట్లే యనుకొంటిమి.

మఱియొక శంకయు కలుగవచ్చును. ఇవి పానశాలలలో పాడిన పాటలు కదా, పాఠశాల పత్రికలో వీని ప్రసక్తి యేల? ఈ పాటలలో కొన్ని పిల్లలకు నేర్పదగినవి కావను మాట నిజమే. అమెరికాయందలి నల్లజాతి క్రైస్తవులలోనే పెద్దలనేకులు బ్లూసును సైతాను పాటయని నిందించిరి. అయినను ఆ పాటగాండ్రలో పెక్కుమంది కంఠము విప్పుట నేర్చినది దేవాలయమునందే. ఆదివారపు ఆరాధనలో విన్న మూలుగును, స్వరపు వణుకును శనివారపు రాత్రి పాటలలోనికి వచ్చి చేరినవి. కష్టజీవుల దుఃఖము ఏ గుమ్మమున నిలిచి పాడినను వినదగినదేయని మా యభిప్రాయము.

మనము చెప్పుకొనుచున్న రికార్డులోని గాయకుడు మడ్డీ వాటర్సు. ఆయన అసలు పేరు మెకిన్లీ మార్గన్‌ఫీల్డు. పుట్టినది 1913వ సంవత్సరమున, మిసిసిపీ రాష్ట్రమున. 1915 అని తానే చెప్పుకొనుచుండెడివాడు. తల్లి చిన్ననాడే గతించుటచే అవ్వ పెంచెను. బాలుడు ఎప్పుడును బురదలో ఆడుచుండుట చూచి ఆమె పెట్టిన ముద్దుపేరే 'మడ్డీ'. దానికి 'వాటర్సు' అను మాట తరువాత చేరినది. తెలుగున 'బురదనీళ్లు' అని చెప్పవచ్చును. క్లార్క్స్‌డేలు పట్టణమునకు సమీపమున స్టోవాలు అను పత్తితోటలో ఆ కుటుంబము నివసించుచుండెను. పత్తి యేరుట, ట్రాక్టరు నడుపుట పగటిపని. గిటారు వాయించుట రాత్రిపని.

1941వ సంవత్సరము ఆగస్టు నెలలో వాషింగ్టనునందలి ప్రభుత్వ గ్రంథాలయమగు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెసు పక్షమున ఆలన్ లోమాక్సును, ఫిస్కు విశ్వవిద్యాలయమునుండి జాన్ వర్కును జానపద గీతములను సేకరించుచు ఆ తోటకు వచ్చిరి. వారు తెచ్చిన యంత్రముపై మడ్డీ తన గుడిసెలోనే పాడెను. పాడినది మఱల వినిపింపగా ఆయన మొదటిసారి తన కంఠమును తానే వినెను. ఇతరుల రికార్డులవలె తన పాటయు నున్నదని అప్పుడే నమ్మకము కలిగెనట. తరువాత ఆ పాటల రికార్డు ప్రతులును, ఇరువది డాలర్ల చెక్కును టపాలో వచ్చినవి. ఒక ప్రతిని ఆయన ఊరి అంగడియందలి జూక్ బాక్సులో పెట్టించెను. కాసు వేసినచో కోరిన పాట పాడు యంత్రమునకు ఆ పేరు. 1943లో కూలి పెంపు విషయమై తోట మేస్త్రీతో తగవు వచ్చెను. మడ్డీ రైలెక్కి చికాగో చేరెను.

అట్లు చేరినవాడు ఆయన యొక్కడే కాడు. దక్షిణ రాష్ట్రములలో భూమి తమది కాక, ఓటు తమకు లేక, ప్రాణభయముతో బ్రతికిన నల్లజాతివారు లక్షలకొలది ఉత్తరపు పారిశ్రామిక నగరములకు తరలుచుండిరి. చికాగోలో 1940లో వారి సంఖ్య సుమారు 2,78,000. 1960 నాటికి అది 8,12,000 దాటెను. వీరికి క్రొత్త నగరమున పని దొరకినది గాని తమ పల్లె పాట దొరకలేదు. ఆ పాట పాడువాడు వచ్చినను అతని పాట వినబడదు. ఏలయన, శనివారపు రాత్రి పానశాలలో జనులు క్రిక్కిఱిసి యుందురు, సీసాలు మ్రోగును, నవ్వులు, కేకలు. పల్లెలో వసారాపై వాయించు కొయ్యగిటారు ఆ రొదలో ఎవరి చెవిని బడును? 1944 ప్రాంతమున మడ్డీ చేతికి విద్యుత్ గిటారు వచ్చెను. బంధువొకడు కొనియిచ్చెనని చెప్పుదురు.

ఈ వాద్యము పనిచేయు విధము భౌతికశాస్త్రము చదువు పై తరగతులవారికి సులభముగా బోధపడును. ఉక్కు తీగెల క్రింద అయస్కాంతములును, వానిచుట్టు సన్నని రాగితీగె చుట్టలును ఉండును. తీగె కంపించినపుడు అయస్కాంత క్షేత్రము చలించి ఆ చుట్టలో స్వల్పమగు విద్యుత్తు పుట్టును. 1831లో ఫారడే కనుగొనిన సూత్రమే యిది. వాల్వులుగల యంత్రమొకటి దానిని పెంచి లౌడుస్పీకరునకు పంపును. యంత్రము తన శక్తికి మించి పనిచేసినపుడు ధ్వని గుడ్డ చించినట్లు గరుకగును. ఇంజనీర్లు దీనిని లోపమనిరి. బ్లూసు పాటగాండ్రు గుణముగా గ్రహించిరి. మడ్డీ వ్రేలికి గొట్టమొకటి తొడిగి తీగెలపై జార్చుచు వాయించును. మన గోటువాద్యములో కొయ్యముక్కను జార్చినట్లే స్వరములు ఒకదానిలోనికొకటి ప్రాకును. లిటిల్ వాల్టరు అను సహచరుడు మౌతార్గానును, చిన్న మైకును రెండుచేతుల నడుమ దాచి ఊదుచుండగా ఆ చిన్న వాద్యము పెద్ద బాకావలె ఘోషించెడిది. రెండవ గిటారు జిమ్మీ రాజర్సుది; పియానో ఓటిస్ స్పానుది. పాట కట్టడి మాత్రము పాతదే. సాధారణముగా మూడు పాదములు. మొదటిది పాడి, దానినే తిరుగపాడి, మూడవదానిలో జవాబు చెప్పుట.

1948లో మడ్డీ పాడిన 'ఐ కాంట్ బీ శాటిస్‌ఫైడ్' అను రికార్డు చికాగోలో వెలువడెను. తృప్తి లేదని ఆ పేరునకు భావము. మొదటి ముద్రణ ఒకటి రెండు దినములలోనే చెల్లిపోయెను. దానిని వెలువరించిన కంపెనీలో భాగస్వామి లెనార్డు చెస్సు. ఈయన బాల్యమున పోలండునుండి వచ్చిన యూదుడు. తమ్ముడు ఫిల్లుతో కలిసి 1950లో ఆ కంపెనీకి చెస్ అని తమ యింటిపేరు పెట్టెను. లెనార్డు రికార్డులను మోటారుకారులో వేసికొని క్షౌరశాలలకును చిల్లర అంగళ్లకును తిరిగి అమ్మెడివాడు. అనగా ఆ పాటలు ఆ పేటలో పుట్టి, ఆ పేటవారి చేతనే కొనబడి, ఆ పేట జూక్ బాక్సులలోనే పాడినవి. వ్యాపార పత్రికలు ఇట్టి పాటలను 1949 వఱకు 'జాతి రికార్డులు' అను శీర్షిక క్రింద ప్రకటించెడివి. ఆ పేరు మాఱిన పిదపను తెల్లవారి అంగళ్లలో అవి కనబడుట అరుదే.

అప్పటి రికార్డు నిమిషమునకు 78 చుట్లు తిరుగును. ఒక ప్రక్కకు మూడు నిమిషముల పాట. అది లక్కతో చేసినది. ఆ లక్కలో పెద్దపాలు మన దేశమునుండి పోయినదే. చేయి జాఱినచో పగులును. పదిమంది వాయించినచో అఱుగును. తరువాత వచ్చిన 45 చుట్ల రికార్డు పగులదు గాని పాట నిడివి అంతే. క్రొత్తపాట రాగానే అంగడివాడు పాతదానిని తీసివేయును. కావున 1950లో వెలువడిన పాట 1958లో వినగోరువానికి దొరకుట కష్టము. కొలంబియా కంపెనీ 1948లో తెచ్చిన దీర్ఘవాదన రికార్డు ఈ స్థితిని మార్చెను. అది నిమిషమునకు 33⅓ చుట్లు తిరుగుచు ఒక్కొక్క ప్రక్క ఇరువది నిమిషములకు పైగా వాయించును. ధర యెక్కువ. కావున బీదల పేటలో దానికి గిరాకి తక్కువ. ఇంటిలో మంచి యంత్రమును, పుస్తకముల బీరువాయు గలవారు కొని దాచుకొందురు. పుస్తకమువలె దానికి అట్ట యుండును. అట్టపై వివరణ యుండును. టపాలో సముద్రము దాటింపవచ్చును.

1958లో చెస్ కంపెనీ 'ది బెస్ట్ ఆఫ్ మడ్డీ వాటర్సు' అను పేరుతో అట్టి రికార్డు వెలువరించెను. మడ్డీ పేరిట వెలువడిన మొదటి దీర్ఘవాదన రికార్డు అదియే. అట్ట వెనుకటి పరిచయమును చికాగో రేడియోలో ప్రసిద్ధుడైన స్టడ్సు టెర్కెల్ వ్రాసెను. చికాగో దక్షిణపు పేటను ఎన్నడును చూడనివానికి ఆ పాట యెవరిదో చెప్పువాడొకడు కావలెను కదా! పాటల వరుస కాలక్రమమున లేదు. మొదటి ప్రక్క 1954 నాటి మేళముతో ఆరంభమగును. అయిదవది 1950 నాటి 'రోలిన్ స్టోన్'. అందు మడ్డీ కంఠము, విద్యుత్ గిటారు తప్ప మఱేమియు లేదు. రెండవ ప్రక్క చివర అన్నిటికంటె పాతదగు 1948 నాటి పాట. ఒక్క కూర్పున విన్నవానికి పల్లెపాట నగరపు పాటగా మాఱిన తీరు ముప్పది నిమిషములకు పైచిలుకు కాలములో చెవులకే తెలియును. విడివిడి రికార్డులు కొన్నవారికి ఇది ఆఱేండ్లు పట్టినది. సంపుటమువలన కలిగిన లాభమిదియే యని మాకు తోచుచున్నది.

అదే యేట అక్టోబరులో మడ్డీ, ఓటిస్ స్పానుతో కూడ ఇంగ్లాండు వెళ్లెను. అచ్చటి శ్రోతలు అప్పటివఱకు బిగ్ బిల్ బ్రూంజీ మున్నగువారి కొయ్యగిటారు పాటలకు అలవాటుపడియుండిరి. విద్యుత్ గిటారు ధ్వని విని కొందఱు విమర్శకులు అఱపుగాను, కూతగాను ఎన్నిరి. మడ్డీ దీనిని మఱువలేదు. 1963లో తిరిగి వెళ్లినపుడు కొయ్యగిటారునే తీసికొనిపోయెను. ఈసారి జనులు విద్యుత్ గిటారు ఏదని అడిగిరి! ఆ అయిదేండ్లలో అచ్చటి యువకుల చెవులు మాఱిపోయెను. వారికి పాఠము చెప్పినది మడ్డీ కాదు, ఆయన రికార్డు.

1961వ సంవత్సరము అక్టోబరులో లండను సమీపమున డార్ట్‌ఫర్డు రైలు స్టేషనులో జరిగిన సంగతి యిందుకు నిదర్శనము. చిన్నబడిలో కలిసి చదివి విడిపోయిన ఇద్దఱు కుఱ్ఱవాండ్రు అక్కడ తటస్థపడిరి. ఒకడు అర్థశాస్త్ర విద్యార్థి మిక్ జాగరు. రెండవవాడు చిత్రకళా విద్యార్థి కీత్ రిచర్డ్సు. జాగరు చంకలో రెండు రికార్డులుండెను. అవి చికాగోనుండి టపాలో తెప్పించుకొన్నవి. ఒకటి చక్ బెర్రీది. రెండవది మనము చెప్పుకొన్న మడ్డీ సంపుటము. వీనిని చూచి రిచర్డ్సు మాట కలిపెను. మఱుసటి యేడు వారు, బ్రయన్ జోన్సు మొదలగువారు కలిసి యొక మేళము కట్టి, మడ్డీ పాట పేరునుబట్టి దానికి రోలింగ్ స్టోన్సు అని పేరు పెట్టిరి. 1964 జూనులో వారు చికాగోకు యాత్రవలె వెళ్లి చెస్ కంపెనీ స్టూడియోలోనే పాటలు రికార్డు చేసిరి. ఆనాడు మడ్డీ నిచ్చెన యెక్కి గోడలకు రంగు వేయుచుండెనని రిచర్డ్సు చెప్పెను. చెస్ కుటుంబమువారు అది అబద్ధమనిరి. కథ బాగుగానే యున్నది. అందుచేతనే మేము దానిని నమ్ముటకు జంకుచున్నాము. నిజమగు వింత వేఱు. చికాగోలో కొన్ని వీధుల యవతల నివసించిన తెల్ల పిల్లలలో ననేకులు తమ నగరపు పాటను ఇంగ్లాండునుండి తిరిగి వచ్చిన పిదపనే వినిరి.

పాట దూరము పోయినది. పాటకు రావలసిన సొమ్ము వచ్చెనా? ఇది బాలురు తప్పక అడుగవలసిన ప్రశ్న. ఈ సంపుటములోని మూడు పాటలను కట్టినవాడు విల్లీ డిక్సను. ఈయన చెస్ కంపెనీలో వాద్యకారుడుగాను, రచయితగాను పనిచేసెను. హక్కులు ఆ కంపెనీతో సంబంధముగల ఆర్క్ మ్యూజిక్ అను సంస్థకు చెందినవి. ఇతరులు ఆ పాటలు పాడి ధనవంతులగుచుండగా తమకు రావలసినది సరిగా ముట్టలేదని డిక్సనును, మడ్డీయు 1970వ దశకమున దావా వేసిరి. అది రాజీతో ముగిసెను. డిక్సను కట్టి మడ్డీ పాడిన వేఱొక పాటలోని మాటలను లెడ్ జెప్పెలిన్ అను ఇంగ్లీషు మేళము 1969లో తన పాటలో వాడుకొనెను. 1985లో డిక్సను వ్యాజ్యము తెచ్చెను. 1987లో అదియు రాజీపడెను. రికార్డు అట్టపై పాటగాని పేరు పెద్దయక్షరములతో నున్నంతమాత్రమున లెక్కల పుస్తకములో నుండునని తలపరాదు.

మడ్డీకి వృద్ధాప్యమున గౌరవము లభించెను. గ్రామీ బహుమానములు ఆఱు వచ్చినవి. 1983 ఏప్రిలు 30వ తేదీన నిద్రలోనే మరణించెను. స్టోవాలు తోటలో ఆయన నివసించిన గుడిసెలో మిగిలిన భాగము ఇప్పుడు క్లార్క్స్‌డేలునందలి బ్లూసు మ్యూజియములో నున్నది. యంత్రము ముందు కూర్చుండి ఆయన తన కంఠమును మొదట వినినది ఆ కొయ్యగోడల నడుమనే.