సంతకం పెట్టే ముందు

చిరంజీవి అమ్మడికి,


రాత్రి నువ్వు చెప్పిన సంగతే ఇంకా మనసులో తిరుగుతోంది. పెట్టుబడి పెడతామన్నవాళ్లకు మీ పాలకేంద్రాల లెక్కల యాప్ నచ్చింది, డబ్బూ ఇస్తామన్నారు, కానీ పాత ఫోన్లను మాత్రం వదిలేయమన్నారు. "వాటికోసం పడే కష్టానికి తగ్గ ఆదాయం లేదు మామయ్యా" అన్నావు. ఫోన్‌లో తేలే విషయం కాదని ఉత్తరం రాస్తున్నాను.

నువ్వు ఏడో క్లాసులో ఉండగా మీ అమ్మ దగ్గర చిన్న నోకియా ఫోన్ ఉండేది, గుర్తుందా? అందులో తెలుగు పేజీ ఏది తెరిచినా అన్నీ డబ్బాలే. ఎవరో చెబితే ఒపెరా మినీ అనే బ్రౌజరు వేసి, అడ్రసు కొట్టేచోట 'ఒపెరా:కాన్ఫిగ్' అని రాసి, అక్కడ ఒక 'నో'ను 'యెస్' చేశాం. డబ్బాలు పోయి అక్షరాలొచ్చాయి. ఆ ఫోన్‌కు తెలుగు రాదు. ఎక్కడో ఉన్న సర్వరే అక్షరాలను బొమ్మలుగా గీసి పంపేది. పేజీని కూడా బాగా కుదించి, ఒక్కోసారి పదో వంతు చేసి పంపేది కాబట్టి చిన్న రీచార్జితోనే గడిచిపోయేది. ఆ రాత్రి అక్క నిద్ర మానుకుని వార్తలు చదివింది.

ఆ ఒపెరాను మొదలుపెట్టిన ఇద్దరిలో ఒకరు యోన్ వాన్ టెట్స్‌నర్. 1967లో ఐస్‌లాండ్‌లో పుట్టి, ఓస్లోలో కంప్యూటర్ చదువు చదివి, నార్వే టెలిఫోన్ సంస్థ పరిశోధన విభాగంలో చేరాడు. నేనూ ఇక్కడి టెలిఫోన్ శాఖలోనే ముప్ఫై ఏళ్లు చేశాను కదా, అందుకే అతని కథంటే నాకు మమకారం. 1994లో అక్కడే తోటి ఉద్యోగి గైర్ ఈవర్‌సోయ్‌తో కలిసి బ్రౌజరు రాయడం మొదలుపెట్టాడు. మరుసటి ఏడాది హక్కులు తీసుకుని ఇద్దరూ బయటికొచ్చి సొంత కంపెనీ పెట్టారు.

పోటీకి అవతల నెట్‌స్కేప్, మైక్రోసాఫ్ట్. మైక్రోసాఫ్ట్ అయితే తన బ్రౌజరును ఊరికే పంచిపెడుతోంది. వీళ్లు అమ్మకానికి పెట్టారు! అయినా కొన్నారు జనం. ఎందుకంటే అది ఒక్క ఫ్లాపీలో, అంటే 1.44 ఎంబీలో పట్టేది, పాత కంప్యూటర్ మీద కూడా చకచకా నడిచేది. దీన్ని దయాధర్మంగా చూడకమ్మా. బలహీనమైన యంత్రం కోసం ఒళ్లు దగ్గర పెట్టుకుని రాయడం వాళ్లకు చేతికి అలవాటైన విద్య. పదేళ్ల తర్వాత చిన్న ఫోన్లలోకి ఇంటర్నెట్‌ను పట్టించాల్సి వచ్చినప్పుడు ఆ విద్యే వాళ్లకు అక్కరకొచ్చింది. నువ్వూ నీ స్నేహితురాలూ మూడేళ్లుగా నేర్చుకున్నదీ అదే. దాన్నే ఆ పెట్టుబడివాళ్లు వదిలేయమంటున్నారు.

ఈ కథలో రెండో సగం చెప్పడానికి కష్టంగా ఉంది. 2004లో ఒపెరా ఓస్లో స్టాక్ మార్కెట్‌కు వెళ్లింది. 2006లో గైర్ క్యాన్సర్‌తో పోయాడు. 2010 జనవరిలో యోన్ సీఈఓ పదవి వదిలాడు, 2011లో కంపెనీనే వదిలాడు. బోర్డుకూ తనకూ విలువలు కలవడం లేదని ఉద్యోగులకు రాసి మరీ వెళ్లాడు. 2013లో కంపెనీ తాను ఏళ్లతరబడి పెంచుకున్న సొంత బ్రౌజరు ఇంజిన్‌ను పక్కనపెట్టేసింది. 2016లో బ్రౌజరు చైనా కంపెనీల కూటమి చేతికి పోయింది. కన్నవాడు గుమ్మం బయటే ఉండిపోయాడు.

అదే ఏడాది అతని కొత్త బ్రౌజరు వివాల్డీ మొదటి వెర్షను వచ్చింది. ఈసారి బయటి పెట్టుబడి ముట్టుకోలేదు. తన డబ్బు పెట్టాడు, ఉద్యోగులకు వాటా ఇచ్చాడు. క్రోమ్‌తో పోలిస్తే దాన్ని వాడేవాళ్లు పిసరంత. కానీ అందులో ఏది ఉండాలో ఏది పోవాలో తేల్చేది ఆ కంపెనీలో కూర్చుని పనిచేసేవాళ్లే.

డబ్బు తీసుకోవద్దని నేననను. నీ స్నేహితురాలు ఆరు నెలలుగా జీతం లేకుండా పనిచేస్తోందని తెలుసు. కానీ యాప్ ఏ ఫోన్లలో నడవాలన్న నిర్ణయం మీ ఇద్దరిదేనని ఒప్పందంలో రాయించు. నోటిమాట చాలదు. ఆ పాత ఫోన్లకోసం నెలకు ఎన్ని గంటలు పోతున్నాయో నిజాయితీగా లెక్కవేసి వాళ్ల ముందుంచు. మొన్న తెల్లవారుజామున మన పాలకేంద్రం దగ్గర నిలబడ్డాను. తమ పాలలో ఫ్యాట్ ఎంత పడిందో చూసుకోవడానికి ఆడవాళ్లు కొంగుల్లోంచి తీసినవి దాదాపు అన్నీ అద్దం పగిలిన పాత ఫోన్లే.

శుక్రవారం లోపు కాగితాల నకలు నాకు పంపు, ప్లీడరు గారితో చదివిస్తాను. పాత ఫోన్ల మాట ఏ పేజీలో ఉందో అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టు.

మీ మామయ్య